ఐస్‌లాండ్ చుట్టూ కారులో ఏడు రోజులు: అమ్మానాన్నలతో సాధ్యమేనా?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం) అడుగుతున్నారు:

అందరికీ నమస్కారం. వచ్చే జూన్‌లో అమ్మానాన్నలను తీసుకుని తమ్ముడితో కలిసి ఐస్‌లాండ్ వెళ్లాలని అనుకుంటున్నాము. ద్వీపాన్ని చుట్టివచ్చే ఒకటో నంబరు రోడ్డు సుమారు 1,320 కిలోమీటర్లే కాబట్టి, రోజుకు రెండు వందల కిలోమీటర్ల చొప్పున ఏడు రోజుల్లో హాయిగా తిరిగి రావచ్చని తమ్ముడి వాదన. వంశధార ప్రాజెక్టులో పనిచేసి రిటైరైన నాన్నగారికి మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. అమ్మకు అగ్నిపర్వతాలంటే భయం, నాకేమో రోడ్డు గురించి దిగులు. ఫోర్‌వీల్ డ్రైవ్ బండి తప్పనిసరా? వెళ్లివచ్చినవారు దయచేసి చెప్పండి.

కోట జంక్షన్ (విజయనగరం):

మేము నిరుడు జులైలో ఎనిమిది రోజుల్లో చుట్టి వచ్చాము. అయినా తూర్పు తీరమంతా కిటికీలోంచి చూస్తూనే దాటవలసి వచ్చిందన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. దూరాన్ని మన హైవే లెక్కలో చూడకండి. తారు రోడ్డు మీద గరిష్ఠ వేగం 90, కంకర రోడ్డు మీద 80. నదుల మీద ఒకే బండి పట్టే వంతెనలు వస్తాయి, అక్కడ ముందు చేరిన బండిని పోనివ్వాలి. వేసవిలో గొర్రెలు రోడ్డు మీదికి వచ్చేస్తాయి. పైగా మనకు అలవాటు లేని కుడివైపు డ్రైవింగు.

వేసవిలో ఒకటో నంబరు రోడ్డుకు మామూలు కారు చాలు. నంబరుకు ముందు 'ఎఫ్' అక్షరం ఉండే కొండదారులకే ఫోర్‌వీల్ తప్పనిసరి. వాటిలో చాలాచోట్ల వంతెన లేక ఏరులోంచి దాటాలి కాబట్టి పెద్దవాళ్లతో ఆ జోలికి పోవద్దు.

నేను మరీ మరీ చెప్పదలచుకున్నది గాలి గురించి. స్కోగాఫాస్ జలపాతం దగ్గర కారు ఆపగానే మా ఆవిడ ఒంటిచేత్తో తలుపు తీసింది. వెనుక నుంచి కొట్టిన గాలి ఆ తలుపును చేతిలోంచి లాక్కుని ముందుకు విరిచినంత పని చేసింది. కీలు వంగిపోయి తలుపు పూర్తిగా పడకపోతే, తువ్వాలుతో సీటుకు బిగించి కట్టి, ఆ సందులోంచి ఈల వేస్తున్న చలిగాలిలో హొఫ్న్ దాకా సుమారు మూడు వందల కిలోమీటర్లు వెళ్లాము. గాలికి వంగిన తలుపు మేము తీసుకున్న బీమా కిందికి రాదని కారు తిరిగి అప్పగించేటప్పుడు తెలిసింది. కాబట్టి బండి ముందు భాగం గాలికి ఎదురుగా ఉండేలా ఆపి, తలుపును రెండు చేతులా పట్టుకుని తీయండి.

భూగోళం మాస్టారు (ఆమదాలవలస):

అమ్మగారి భయం అర్థం లేనిది కాదు. ఉత్తర అమెరికా, యురేషియా పలకలు ఏడాదికి సుమారు 2 సెంటీమీటర్లు దూరం జరిగే గీత మీదనే ఆ దేశం ఉంది. రేక్యానెస్ ద్వీపకల్పంలో గ్రిండవిక్ ఊరి పరిసరాల్లో 2023 డిసెంబరు నుంచి పలుమార్లు లావా పొంగింది. అయితే అక్కడి అధికారులు ఎప్పటికప్పుడు రోడ్లు మూసి హెచ్చరికలు ఇస్తారు కాబట్టి, రోజూ పొద్దున్నే వాటిని చూసి బయలుదేరితే చాలు.

రోడ్డుకు అసలు గండం ఏటి వల్లనే. దక్షిణాన స్కేయిదారా ఇసుక మైదానం మీద వంతెనలు కట్టలేక చాలాకాలం ఆగి, 1974లో గాని ఈ చుట్టు రోడ్డును పూర్తి చేయలేకపోయారు. 1996లో వత్నయోకుల్ హిమానీనదం కింద అగ్నిపర్వతం రగిలింది. కరిగిన నీరు నెలకు పైగా మంచు కిందనే చేరి, నవంబరులో ఒక్కసారిగా తెంచుకుని వచ్చి ఒక వంతెనను పూర్తిగా, మరొకదాన్ని కొంతమేర కొట్టుకుపోయింది. ఒడిశా కొండల్లో వాన కురిస్తే, ఇక్కడ ఎండ కాస్తుండగానే వంశధార పొంగడం చూసిన మనకు అది ఊహించుకోవడం కష్టం కాదు. మెలితిరిగిన ఆ ఇనుప గర్డర్లను స్కాఫ్తాఫెల్ సమీపంలో రోడ్డు పక్కనే ఉంచారు. సుమారు 900 మీటర్ల పాత వంతెన కూడా ఇప్పుడు ఎండిన ఇసుక మీద నిలిచి ఉంది. హిమానీనదం వెనక్కి తగ్గి, 2009లో నది తన దారి మార్చుకోవడమే అందుకు కారణం. నాన్నగారికి తప్పక చూపించండి.

జీడితోట (పలాస):

బారువ, కళింగపట్నం తీరాల్లో పెరిగినవాళ్లమనే ధీమాతో రేనిస్‌ఫ్యారా నల్ల ఇసుకలో నీటి అంచుకు వెళ్లవద్దు. నాలుగైదు చిన్న కెరటాల తరువాత హఠాత్తుగా వచ్చే పెద్ద కెరటం అక్కడ ప్రాణాలు తీసింది. జూన్‌లో రాత్రి చీకటే పడదు కాబట్టి పెద్దవాళ్లకు కళ్లగంతలు తీసుకువెళ్లండి. రేక్యవిక్‌లో వేడినీటి కుళాయి తిప్పితే భూమిలోని గంధకం వల్ల కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. చన్నీళ్లు మాత్రం నేరుగా తాగవచ్చు, టీకి వాటినే కాచుకోండి.

నాగావళి ఒడ్డు:

అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. తమ్ముడితో మాట్లాడాను. ద్వీపమంతా చుట్టే ఆలోచన మానుకుని, దక్షిణ తీరం వెంట యోకుల్సార్లోన్ మంచు సరస్సు దాకా నిదానంగా వెళ్లి, అదే దారిలో వెనక్కి వస్తాము. వంతెన సంగతి చదివి వినిపిస్తే, ఆ పునాదులు ఎంత లోతుకు దించారో అక్కడెవరినైనా అడగాలని నాన్నగారు అప్పుడే డైరీలో రాసుకున్నారు.