యూఎస్‌సీ డిఫెన్స్: రెండో వరస ఆటగాళ్లను ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో కొనగలమా?

ట్రోజన్_రాజు
మన యూఎస్‌సీ (సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ) అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు తెచ్చుకున్న 2026 హైస్కూల్ బ్యాచ్‌కి దేశంలోనే మొదటి ర్యాంకు వచ్చిందని అందరూ పండగ చేసుకుంటున్నారు. నాకూ సంతోషమే. కానీ హెడ్ కోచ్ లింకన్ రైలీ వచ్చినప్పటి నుంచి మన జబ్బు ఒకటే. మొదటి పదకొండు మంది ఎలాగో నెట్టుకొస్తారు. వాళ్లు అలిసిపోతే దిగేవాడు ఉండడు.

2023 జనవరి 2న టులేన్‌తో ఆడిన కాటన్ బౌల్ ఎవరైనా మర్చిపోయారా? నాలుగున్నర నిమిషాల ఆట ఉందనగా 45-30తో మనమే ముందున్నాం. మన క్వార్టర్‌బ్యాక్ (పాసులు విసిరేవాడు) కేలెబ్ విలియమ్స్ ఐదు టచ్‌డౌన్ పాసులు వేశాడు. అయినా 46-45తో ఓడాం. కిక్‌ఆఫ్ పట్టడంలో మనవాళ్లు చేసిన తప్పు కూడా ఉంది, కాదనను. కానీ వాళ్ల రన్నింగ్ బ్యాక్ టైజే స్పియర్స్ ఒక్కడే 205 గజాలు పరిగెత్తాడు. వాడిని ఆపే ఓపిక మన లైన్‌లో ఎవరికి మిగిలింది?

తర్వాత డిఫెన్స్ కోచ్ గ్రించ్‌ని పంపేసి డాంటన్ లిన్‌ని తెచ్చుకున్నాం. మ్యాచ్‌కి 34 పాయింట్లు ఇచ్చే జట్టు 2024లో 24కి దిగింది. మంచిదే. మరి అదే ఏడాది మిషిగన్ మ్యాచ్ సంగతేంటి? వాళ్ల క్వార్టర్‌బ్యాక్ మ్యాచ్ మొత్తంలో పాసులతో సంపాదించింది 32 గజాలు. బంతి పట్టుకుని పరిగెత్తడం తప్ప వాళ్లకి ఇంకో దారి లేదని స్టేడియంలో పాప్‌కార్న్ అమ్మేవాడికి కూడా తెలుసు. అయినా 290 గజాలు పరిగెత్తి, ఇంకా 37 సెకన్లు ఉందనగా చివరి గజం తోసుకుని లోపలికి వెళ్లిపోయారు. అది స్కీమ్ లోపం కాదు, మూడొందల పౌన్ల మనుషులు చాలకపోవడం. 2025లో నోటర్‌డామ్ కూడా అదే చేసింది: 306 గజాలు, అందులో జెరెమయా లవ్‌వే 228.

నా వాదన ఇది: డి-లైన్ (ముందు నిలబడి అడ్డుకునే డిఫెన్స్ లైన్) రెండో వరస హైస్కూల్ నుంచే రావాలి, మూడేళ్లు వెయిట్ రూమ్‌లో పెంచుకోవాలి. బెంచి మీద కూర్చోడానికి ఎవడూ పోర్టల్‌లోంచి (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) రాడు.

ఫ్రీమాంట్_బాబు
రాజన్నా, పోర్టల్‌ని తిట్టే ముందు ఇండియానా వైపు చూడు. 2023లో 3 గెలుపులు, 9 ఓటములు. కొత్త కోచ్ సిగ్నెట్టి వస్తూ వస్తూ తన పాత కాలేజీ జేమ్స్ మాడిసన్ నుంచి లైన్‌బ్యాకర్ ఐడెన్ ఫిషర్‌ని, ఎండ్ మికైల్ కమారాని, కార్నర్ డి'ఆంజెలో పాండ్స్‌ని వెంట తెచ్చుకున్నాడు. 2024లో 11-2. 2025లో 16-0, జాతీయ ఛాంపియన్లు. రిక్రూటింగ్ ర్యాంకుల్లో వాళ్లెక్కడున్నారు, మనమెక్కడున్నాం?

ట్రోజన్_రాజు
అది బజారులో కొనడం కాదు బాబూ. ఒకే కోచ్ దగ్గర, ఒకే పద్ధతిలో కలిసి ఆడిన పిల్లలు సామానుతో సహా ఇల్లు మారారంతే. మన కొనుగోలు చూడు: బేర్ అలెగ్జాండర్. 2023లో జార్జియా నుంచి వచ్చాడు. 2024లో మూడు మ్యాచ్‌లు ఆడి, నాలుగు దాటకపోతే ఆ ఏడాది లెక్కలోకి రాదన్న రూల్ చూసుకుని పక్కకి జరిగాడు. తర్వాత ఒరెగాన్‌లో తేలాడు. సీజన్ నడుస్తుండగా లైన్ నడిమధ్యలో అంత ఖాళీ వస్తే ఏ కోఆర్డినేటర్ ఏం చేస్తాడు?

లక్ష్మి_ఎల్ఏ
రాజుగారూ, మరి కోరీ ఫోర్‌మన్? 2021లో దేశంలో నంబర్ వన్ అన్నారు. పక్కనే ఉన్న కరోనా అనే ఊరి కుర్రాడు, డిఫెన్సివ్ ఎండ్. మన దగ్గరికే వచ్చాడు, మనం నాన్చి నాన్చి ఏమీ చేయలేకపోయాం, చివరికి ఫ్రెస్నో స్టేట్‌కి వెళ్లాడు. హైస్కూలా, పోర్టలా అని మీరిద్దరూ కొట్టుకుంటున్నారు గానీ, అసలు ఆగేది ఎవరు?

2021 జార్జియా డిఫెన్స్ నుంచి ఐదుగురు ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో వెళ్లారు. ట్రేవన్ వాకర్, జోర్డన్ డేవిస్, డెవాంటే వయాట్‌లతో రొటేషన్‌లో తిరిగిన జేలెన్ కార్టర్ మరుసటి ఏడాది తొమ్మిదో పిక్. అలాంటివాడు ఈ రోజుల్లో తన వంతు కోసం ఎదురుచూస్తాడా? 2024 నుంచి ఎన్నిసార్లు కాలేజీ మారినా ఒక ఏడాది ఆగాల్సిన పని లేదు. 2025 జూన్ హౌస్ సెటిల్‌మెంట్ (ఆటగాళ్ల కోర్టు కేసులో రాజీ) తర్వాత కాలేజీలు నేరుగా డబ్బిస్తున్నాయి. మొదటి ఏడాది పరిమితి 20.5 మిలియన్ డాలర్లు, అదీ అన్ని ఆటలకూ కలిపి. పాత 85 స్కాలర్‌షిప్‌ల లెక్క పోయి జట్టుకి 105 మంది అన్నారు. మనుషులకి చోటు పెరిగింది, నిజమే. డబ్బు మాత్రం క్వార్టర్‌బ్యాక్ దగ్గర, ఇద్దరు రిసీవర్ల దగ్గర అయిపోతోంది. మూడో డిఫెన్సివ్ టాకిల్‌కి వేరే కాలేజీ స్టార్టర్ రేటు ఇస్తానంటే వాడు ఇక్కడ ఎందుకుంటాడు?

ఫ్రీమాంట్_బాబు
లక్ష్మిగారు చెప్పింది కరెక్ట్. అప్పుడు ఆ మొదటి ర్యాంకు బ్యాచ్ కూడా పక్క కాలేజీల కోసం మనం పెంచుతున్న నారుమడే కదా రాజన్నా?

ట్రోజన్_రాజు
అందుకే హైస్కూల్ పిల్లల్ని తేవద్దంటావా? మన వెస్ట్‌లేక్ విలేజ్‌లో చదివిన డిఫెన్సివ్ ఎండ్ కేవాన్ థిబోడో ఒరెగాన్‌కి వెళ్లి అక్కడ స్టార్ అవ్వడం చూశాం. సొంత ఊరి వాళ్లని కట్టుకోకపోతే పోర్టల్‌లో అంతకి రెట్టింపు పెట్టాలి. ఇప్పుడు వసంతకాలం పోర్టల్ విండో తీసేశారు, జనవరిలో ఒక్కటే. మన జనరల్ మేనేజర్ చాడ్ బౌడెన్ ఆ జనవరికి ముందే రెండో వరస లైన్‌మెన్‌ని కూర్చోబెట్టి ఒప్పందాలు తిరగరాయాలి. ఒక రిసీవర్ తక్కువైనా పర్లేదు.

లక్ష్మి_ఎల్ఏ
రైలీ రిసీవర్‌ని వదులుకుంటాడా! ఆ జనవరి నేను కూడా చూడాలి.