అమ్మతో ముక్తినాథ్ యాత్ర: నేపాల్ గురించి ముందే ఏం తెలుసుకోవాలి?

కొర్లగుంట వాసి:
మాది తిరుపతి. మా అమ్మకు అరవై ఎనిమిదేళ్లు. ఆళ్వార్లు పాడిన నూట ఎనిమిది విష్ణు క్షేత్రాల్లో, అంటే దివ్యదేశాల్లో, సాలగ్రామ క్షేత్రమైన ముక్తినాథ్‌ను ఒక్కసారైనా చూడాలని ఎన్నేళ్లుగానో అంటోంది. అక్టోబరులో మేమిద్దరం నేపాల్ బయల్దేరదామనుకుంటున్నాం. అలిపిరి మెట్లు ఇప్పటికీ ఎక్కుతుంది కాబట్టి నడక గురించి బెంగ లేదు. పాస్‌పోర్టు లేదు, ఓటరు కార్డు ఉంది. సరిపోతుందా? డబ్బు సంగతేంటి? నేపాల్‌లోని పోఖరా ఊరి నుంచి ఒక్కరోజులో దర్శనం చేయించి తెస్తామని ఒక ట్రావెల్స్ వాళ్లు చెబుతున్నారు.

గ్రీమ్స్‌పేట, చిత్తూరు:
మనకు వీసా అక్కర్లేదు. విమానంలో వెళ్తే పాస్‌పోర్టో, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డో ఒరిజినల్ ఉండాలి. మీరు ఆధార్ ఒక్కటే నమ్ముకోవద్దు. మన వంద రూపాయలకు వాళ్ల నూట అరవై. వంద నోట్లు తీసుకెళ్లండి, పెద్ద నోట్ల నిబంధనలు మారుతుంటాయి. 2024 నుంచి అక్కడి క్యూఆర్ కోడ్‌లకు మన యూపీఐతో కట్టొచ్చు గానీ కొండల్లో నగదే దిక్కు. సముద్రం లేని దేశం కదా, విదేశీ సరుకు కోల్‌కతాలోనో మన విశాఖలోనో దిగి సరిహద్దు దాటాలి. అక్కడి నుంచి ఘాట్ రోడ్డులో పైకి చేరేసరికి నీళ్ల సీసా ధర కూడా పెరుగుతుంది. గడియారం పావుగంట ముందుకు జరపండి. శనివారం వాళ్లకు సెలవు.

చిత్తూరు నర్సమ్మ:
తల్లీ, ఆ ఒక్కరోజు ప్యాకేజీ వద్దు. మా మామగారితో వెళ్లొచ్చాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

అలిపిరి మెట్లు ఎక్కడం వేరు, ఇది వేరు. తిరుమల సుమారు 850 మీటర్ల ఎత్తు, పోఖరా కూడా దాదాపు అంతే. పోఖరా నుంచి చిన్న విమానంలో ఇరవై నిమిషాల్లో జోమ్‌సోమ్ దిగుతారు, అది 2,700 మీటర్లు. జీపులో ఇంకా పైకి పోతే ముక్తినాథ్, 3,700 దాటుతుంది. అక్కడ ఊపిరికి అందే ప్రాణవాయువు ఇక్కడి దాంట్లో సుమారు మూడింట రెండు వంతులే. ఒంటికి అలవాటుపడే వ్యవధి ఇవ్వకుండా పైకి తీసుకెళ్తే కాళ్లెంత గట్టివైనా లాభం లేదు. మా బృందంలో ఒక పెద్దాయన, రోజూ పొలం పనులు చేసే మనిషి, తలనొప్పితో మొదలై వాంతులతో కూలబడ్డారు. కిందికి దించాకే తేరుకున్నారు. ఆయన దర్శనం చేసుకోలేకపోయారని నాకు ఇప్పటికీ బాధే.

జోమ్‌సోమ్‌లో కనీసం ఒక రాత్రి పడుకోండి, రెండైతే ఇంకా మంచిది. తల తిరిగినా, ఆయాసం వచ్చినా అక్కడితో ఆగి కిందికి దిగాలి. బీపీ, షుగర్ ఉంటే బయల్దేరే ముందే డాక్టరును అడగండి. గుడి వెనక నూట ఎనిమిది ధారలుంటాయి, మంచులాంటి నీళ్లు. తిరుమంగై ఆళ్వార్ పాడిన స్వామి ముందు నిలబడ్డాక అమ్మ అన్నిటి కిందా తడుస్తానంటుంది. తల మీద చల్లుకోమనండి, చాలు. జీపు దిగాక గుడిదాకా గుర్రాలు దొరుకుతాయి. పక్కనే జ్వాలామాయి గుడిలో భూమిలోంచి వచ్చే గ్యాస్‌తో వెలిగే జ్యోతి ఉంది, అదీ చూడండి.

గ్రీమ్స్‌పేట, చిత్తూరు:
అక్టోబరు అన్నారు కాబట్టి ఇంకో మాట. దసరా వాళ్లకు పెద్ద పండగ, దశైం అంటారు. ఆ రోజుల్లో టికెట్లు, గదులు కష్టం. జోమ్‌సోమ్ విమానాలు పొద్దున్నే తిరుగుతాయి, తర్వాత కాళీగండకి లోయలో గాలి విపరీతం. వాతావరణం బాగోలేకపోతే రద్దవుతాయి. ఖాట్మండు నుంచి తిరుగు టికెట్‌కు రెండు రోజులు అదనంగా పెట్టుకోండి.

కొర్లగుంట వాసి:
అక్కా, ఆ ప్యాకేజీ వద్దని ఇప్పుడే చెప్పేశాను. జోమ్‌సోమ్‌లో రెండు రాత్రులు ఉంటాం. అమ్మ ఉల్లి, వెల్లుల్లి తినదు. అక్కడ తిండి ఎలా?

చిత్తూరు నర్సమ్మ:
దాల్‌భాత్ ఎక్కడైనా దొరుకుతుంది, అన్నం, పప్పు, కూర. పప్పులో వెల్లుల్లి వేస్తారు కాబట్టి వండకముందే ‘లసున్, ప్యాజ్ వద్దు’ అని హిందీలో చెప్పినా అర్థం చేసుకుంటారు. కందిపొడి, చింతకాయ పచ్చడి సర్దుకోండి.