ఫాంటమ్‌కు కామిక్స్‌లో ఉన్న పేరు సినిమాల్లో ఎందుకు రాలేదు?

ప్రశ్న: పర్లాకిమిడి పాఠకుడు

మా నాన్నగారి రేకుపెట్టెలో ముప్పైఏడు ఇంద్రజాల్ కామిక్స్ సంచికలు ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఫాంటమ్ కథలే. బరంపురంలో చదువుకునే రోజుల్లో హాస్టలు ఖర్చులు పోగా మిగిలిన చిల్లరతో కొన్నవని ఆయన చెప్పేవారు. మొన్న దసరా సెలవుల్లో ఆ పెట్టెను అటక మీద నుంచి దించి, ఎనిమిదో తరగతి చదువుతున్న మా అబ్బాయికి చూపించాను. ఐరన్ మ్యాన్ కవచాలన్నింటినీ వరుస తప్పకుండా అప్పజెప్పగల ఆ పిల్లవాడు, పైనున్న సంచికను రెండు నిమిషాలు తిరగేసి, "ఇంత గొప్పవాడైతే ఈయన సినిమా మనం ఎప్పుడూ చూడలేదేం నాన్నా?" అని అడిగాడు. నాకు సమాధానం తోచలేదు.

ఫాంటమ్ 1936 ఫిబ్రవరి 17న అమెరికా దినపత్రికల్లో మొదలయ్యాడు. ఆ ఏడాది ఏప్రిల్ 1నే ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడి, మా పర్లాకిమిడి మద్రాసు నుంచి విడిపోయి అందులో చేరింది కనుక ఈ సంవత్సరం మా ఊళ్లో ఎవరికైనా గుర్తుంటుంది. సూపర్‌మ్యాన్ వచ్చింది 1938లో. అంటే ఒంటికి అతుక్కున్న దుస్తులూ, ముఖానికి ముసుగూ ఉన్న వీరుల్లో ఫాంటమ్ పెద్దన్నగారి వంటివాడు. అటువంటివాడు వెండితెరపై నిలవకపోవడానికీ, ఎంతో తర్వాత పుట్టిన ఐరన్ మ్యాన్ ఇంటింటి పేరు కావడానికీ కారణమేమిటో పెద్దలు చెప్పగలరా?

సమాధానం: రాయగడ విశ్రాంత ఉద్యోగి

ముందుగా మీ అబ్బాయికి ఒక విషయం చెప్పండి. సినిమాలు లేకపోలేదు. 1943లో టామ్ టైలర్ నాయకుడుగా పదిహేను భాగాల ధారావాహిక చిత్రం వచ్చింది. 1996లో బిల్లీ జేన్ నటించిన రంగుల చిత్రం వచ్చింది. అవి వచ్చాయన్న సంగతి కూడా జనానికి గుర్తులేకపోవడమే అసలు సమస్య.

నా ఉద్దేశంలో దీనికి కారణం ఫాంటమ్ పుట్టిన తీరులోనే ఉంది. లీ ఫాక్ అతణ్ణి పుస్తకం కోసం సృష్టించలేదు. దినపత్రికలో రోజుకు మూడు నాలుగు గళ్ల చొప్పున సాగే కథ కోసం సృష్టించాడు. తొలి బొమ్మలు రే మూర్ గీశాడు, తర్వాత విల్సన్ మెకాయ్ కొనసాగించాడు, 1961 నుంచి 1994 వరకు సై బ్యారీ గీశాడు. మన తరం ఎరిగిన ఆ దిట్టమైన దవడ, కనుపాపలు లేని ఆ తెల్లని కళ్లు ఎక్కువగా బ్యారీ చేతివే. ఫాంటమ్‌కు ఎగిరే శక్తి లేదు, గుండు తగిలితే రక్తం కారుతుంది. అతని బలమంతా ఒక కథలో ఉంది. తండ్రి చనిపోతే కొడుకు అదే ముసుగు తొడుక్కుంటాడు, అలా ఇరవై ఒక్క తరాలు గడిచాయి, అడవిలోని వారు మాత్రం నాలుగు వందల ఏళ్లుగా చావులేని ఒక్కడే తిరుగుతున్నాడని నమ్ముతారు. ఈ రహస్యం పాఠకుడికి తెలుసు, దొంగలకు తెలియదు. రోజూ కొంచెం కొంచెంగా చదివేటప్పుడు ఆ ఎరుక ఇచ్చే ఆనందం వేరు. రెండు గంటల సినిమాలో ఆ రహస్యాన్ని మొదటి పది నిమిషాల్లోనే విప్పి చెప్పవలసి వస్తుంది, ఆ తర్వాత గుర్రం మీద వెళ్లే ఊదారంగు మనిషి తప్ప చూడడానికి ఏమీ మిగలదు.

మన దేశంలో 1964 మార్చిలో ఇంద్రజాల్ కామిక్స్ మొదలైనప్పుడు తొలి సంచికే ఫాంటమ్‌ది. మూలంలోని బెంగల్లా అనే దేశం పేరు బెంగాల్‌ను తలపిస్తుందని కాబోలు, ఇక్కడ డెంకాలి అని మార్చారు. మూలంలో సముద్రపు దొంగల ముఠాకు ఉన్న సింగ్ అన్న పేరు మన పాఠకులను నొప్పిస్తుంది కనుక దాన్ని సింగా చేశారు. మేము ఆ మార్పులేవీ ఎరగం. నౌపడా నుంచి గుణుపురం వెళ్లే ఆనాటి చిన్నబండిలో, కిటికీలోంచి వచ్చి పడే బొగ్గు నలుసులను పేజీ మీద నుంచి ఊదుకుంటూ, డెంకాలి ఎక్కడో మహేంద్రగిరి అవతలే ఉందనుకుని చదివాం.

సమాధానం: బరంపురం సినీప్రియుడు

రాయగడ పెద్దాయన చెప్పినది చదవడానికి ఎంతో బాగుంది కాని, నేను పూర్తిగా ఒప్పుకోలేను. కథ విప్పగానే ఆసక్తి పోయేదే అయితే బ్యాట్‌మ్యాన్ కూడా నిలవకూడదు. అతనికీ ఏ శక్తీ లేదు, అతని రహస్యమూ ప్రేక్షకుడికి మొదటే తెలుసు. 1996 చిత్రం ఆడకపోవడానికి కారణాలు మరింత మామూలువి. సైమన్ విన్సర్ దర్శకత్వంలో సుమారు 4.5 కోట్ల డాలర్లతో తీసిన ఆ సినిమా అమెరికాలో 1.7 కోట్ల డాలర్లు మాత్రమే రాబట్టింది. అది విడుదలైన జూన్ 7నే అక్కడ మరో భారీ పోరాట చిత్రం 'ద రాక్' కూడా వచ్చింది, అంతకు రెండు వారాల ముందు వచ్చిన 'మిషన్ ఇంపాజిబుల్' ఇంకా ఆడుతూనే ఉంది. ప్రేక్షకుల చేతిలో ఉన్నది ఒక్క టికెట్టు డబ్బులే కదా!

ఇక ఐరన్ మ్యాన్ సంగతి. అతడు అనామకుడని అనుకోవడం పొరపాటు, కాని అతని కథలు వేసే మార్వెల్ సంస్థలో స్పైడర్‌మ్యాన్ వరుసలో కూర్చోదగినంత ఆదరణ అతనికి ఎన్నడూ లేదన్నది నిజం. 1963 మార్చి తేదీతో వచ్చిన 'టేల్స్ ఆఫ్ సస్పెన్స్' 39వ సంచికలో స్టాన్ లీ, లారీ లీబర్, డాన్ హెక్ అతణ్ణి పరిచయం చేశారు. అప్పటి కవచం బూడిదరంగు బాయిలరులా ఉంటుంది. మీ అబ్బాయి మెచ్చే ఎరుపు, బంగారు రంగుల కవచం 48వ సంచికలో వచ్చింది. 1979లో ఆ కవచం తొడుక్కునే టోనీ స్టార్క్ తాగుడుకు బానిసైన కథ వచ్చింది, ఆ పాత్రకు ప్రాణం పోసింది అదే. 2006లో మొదలైన 'సివిల్ వార్' కథలో అతడు తోటి వీరులనే చెరలో పెట్టి, పాఠకుల చేత తిట్లు తిన్నాడు. అంటే సినిమాకు రెండేళ్ల ముందు అతని పరపతి ఏమంత గొప్పగా లేదు.

అతని సినిమా హక్కులు ఏళ్ల తరబడి మూడు స్టూడియోల చేతులు మారి చివరికి మార్వెల్‌కే తిరిగి వచ్చాయి. స్పైడర్‌మ్యాన్ అప్పటికే సోనీ దగ్గర ఉన్నాడు కనుక, సొంతంగా తీద్దామంటే ఇంట్లో మిగిలినవారిలో ఇతడొకడు. 2008 మే 2న జాన్ ఫావ్రో తీసిన చిత్రం విడుదలై, ప్రపంచమంతటా 58 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. వారు చేసిన పని చూడండి. వియత్నాంలో జరిగిన మూలకథను అఫ్గానిస్థాన్‌కు మార్చారు కాని, ఛాతీలో గుచ్చుకున్న లోహపు ముక్కలనూ, గుహలో తోడు నిలిచి ప్రాణమిచ్చిన ఇన్సెన్‌నూ వదలలేదు. పతనమై మళ్లీ లేచిన చరిత్ర స్వయంగా ఉన్న రాబర్ట్ డౌనీ జూనియర్‌కు ఆ పాత్రను ఇచ్చారు. ఫాంటమ్ సినిమాలో నాయకుడికి ఒక్క లోపమూ లేదు, నవ్వుతూనే ఉంటాడు. లోపం లేనివాడి కోసం ఎవరు కంగారు పడతారు? 2019 ఏప్రిల్‌లో ఐరన్ మ్యాన్ ఉన్న 'అవెంజర్స్: ఎండ్‌గేమ్' సినిమాను తెలుగులో చూడాలని నేనూ, నా మిత్రులు ముగ్గురూ రైలెక్కి విశాఖపట్నం వెళ్లాం. స్టార్క్ చనిపోయే ఘట్టంలో నా పక్కనున్న వాడు చొక్కా అంచు నోట్లో కుక్కుకున్నాడు. (వాడి పేరు రాస్తే నన్ను చంపుతాడు.)

సమాధానం: జయపురం ఉపాధ్యాయిని

మీ ఇద్దరూ చెప్పనిది ఒకటి ఉంది. ఆఫ్రికా అడవిలో తెల్లజాతి కుటుంబం ఒకటి తరతరాలుగా కపాల సింహాసనం మీద కూర్చుని, స్థానికుల నమ్మకం ఆసరాగా వారికి న్యాయం చెప్పడం అనే ఈ కథను ఇవాళ ఏ స్టూడియో అయినా యథాతథంగా తీయడానికి వెనుకాడుతుంది. మా కోరాపుట్ జిల్లాలో, కొండ మీది పిల్లలు సగానికి పైగా ఉన్న తరగతిలో, నేను ఒకసారి బొమ్మల కథలు ఎలా చదవాలో చూపించడానికి ఒక ఫాంటమ్ పేజీ తీసుకువెళ్లాను. పరజ కుటుంబం నుంచి వచ్చిన ఒక అమ్మాయి బాందర్ తెగ నాయకుడు గురన్ బొమ్మ మీద వేలు పెట్టి, "ఈయనకు రహస్యం తెలుసు, అడవీ తెలుసు, మందులూ తెలుసు. మరి ముసుగు ఈయనెందుకు వేసుకోకూడదు టీచర్?" అని అడిగింది. నేను ఆ పేజీని మడిచి పుస్తకంలో పెట్టుకోవలసి వచ్చింది.

అయితే ఫాక్‌కు న్యాయం చేయడానికి ఇది కూడా చెప్పాలి. ఆయన 1999లో చనిపోయేవరకు ఆ కథ రాస్తూనే ఉన్నాడు, కాలంతో పాటు దాన్ని మారుస్తూనే వచ్చాడు. తరువాతి కథల్లో బెంగల్లా స్వతంత్ర దేశం అవుతుంది, లమాండా లువాగా అనే నల్లజాతి వైద్యుడు దానికి అధ్యక్షుడవుతాడు. డయానా పామర్ కేవలం ప్రియురాలిగా మిగలకుండా ఐక్యరాజ్యసమితిలో ఉద్యోగం చేస్తుంది, 1977లో ఫాంటమ్‌తో ఆమె పెళ్లి జరుగుతుంది. సినిమా ఈ తరువాతి కథలను ముట్టుకోకుండా 1930ల నాటి తొలి ఫాంటమ్‌నే తీసుకుంది. ఐరన్ మ్యాన్ వారు నలభై అయిదేళ్ల కామిక్స్‌లో పనికొచ్చినదాన్ని ఏరుకుని కొత్త కాలానికి తెచ్చారు, వీరు పాతదాన్ని పాతగానే ఉంచారు. బరంపురం తమ్ముడు చెప్పిన లోపం సంగతి నిజమే కాని, ఆ లోపం ఎక్కడ దొరికేదో నేను చెప్పినది కూడా ఆలోచించండి: అబద్ధం మీద నిలబడిన మంచితనం కన్నా పెద్ద లోపం ఏముంటుంది? దాన్ని ముట్టుకునే ధైర్యం ఉంటే సినిమా మరోలా ఉండేది.

ఇంకొకటి. సినిమా ఆడనంత మాత్రాన ఫాంటమ్ మరుగున పడలేదు. ఆస్ట్రేలియాలో 1948 నుంచి, స్వీడన్‌లో 1950 నుంచి అతని పత్రికలు వస్తున్నాయి. స్వీడన్‌లో అతని దుస్తులు నీలం రంగు, ఇటలీలో ఎరుపు.

ప్రశ్న అడిగినవారు: పర్లాకిమిడి పాఠకుడు

ముగ్గురికీ కృతజ్ఞతలు. జయపురం టీచరుగారు రాసినది మా అబ్బాయికి చదివి వినిపించాను. వాడు వెంటనే, గురన్ ఫాంటమ్ అయితే డయానా ఏమవుతుందని మొదలుపెట్టి, రాత్రి భోజనం ముగిసేవరకు వదల్లేదు. ఇప్పటికి పదకొండు సంచికలు చదివాడు. ఐరన్ మ్యాన్ మీద మాత్రం అభిప్రాయం మార్చుకోలేదు.

రాయగడ పెద్దాయనకు ఒక మనవి. సముద్రపు దొంగలు గుహలోకి చొరబడే సంచిక ఒకటి మా పెట్టెలో ఉంది, దాని చివరి ఆకును పురుగు తినేసింది. ఫాంటమ్ పెంపుడు తోడేలు డెవిల్ తలుపు దగ్గర కాపలా కాస్తుండగా కథ ఆగిపోయింది. అట్ట కూడా లేనందున సంఖ్య చెప్పలేను. మొదటి గడి ఫొటో పెడతాను, మీ దగ్గర ఆ సంచిక ఉంటే చివరి పేజీ ఒక్కటి ఫొటో తీసి పెట్టగలరా? పిల్లవాడు రోజుకు రెండుసార్లు అడుగుతున్నాడు.