పీడీఎఫ్‌ల లోపలి తెలుగు వెతికితే దొరకాలంటే ఏ టూల్ పెట్టాలె?

ప్రశ్న (హన్మకొండ):
మా గ్రంథాలయం సైట్ల 1,800 దాకా పీడీఎఫ్‌లున్నయి. సగం పాత పత్రికల స్కాన్లు, మిగతావి పేజ్‌మేకర్ల అను ఫాంట్లతో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) చేసిన సంచికలు. సర్చ్ బాక్సుల "రామప్ప" అని కొడితే ఫైల్ పేర్లే వస్తున్నయి, లోపలి మాటలు వస్తలేవు. షేర్డ్ హోస్టింగే (ఒకే సర్వర్‌ను చాలామంది పంచుకునేది) ఉన్నది. సోలర్ (సర్వర్ మీద నడిచే పెద్ద సర్చ్ ఇంజిన్) పెట్టాల్నా, చిన్నదేదన్నా సరిపోతదా?

జవాబు:
అన్నా, ఇంజిన్ సంగతి తర్వాత. ముందు ఫైళ్లల్ల టెక్స్ట్ ఉన్నదా చూడుండ్రి. పాప్లర్‌తోని వచ్చే పీడీఎఫ్‌టుటెక్స్ట్ నడిపితే తెలిసిపోతది. ఖాళీ వస్తే అది స్కాన్. ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగ వస్తే అను ఫాంట్. కంటికి తెలుగే కనపడ్డా లోపల ఉన్నది తెలుగు కాదు, ఏ ఇంజిన్ పెట్టినా దొరకదు.

రెండిటికీ మందు ఓసీఆర్‌మైపీడీఎఫ్, బొమ్మల ఉన్న అక్షరాలను చదివి టెక్స్ట్ చేసే (ఓసీఆర్) టూల్. దాని కింద టెసెరాక్ట్ అనే ఓసీఆర్ ఇంజిన్ పనిచేస్తది, తెలుగు, ఇంగ్లిష్ డేటా రెండూ వేసుకోవాలె. అను ఫైళ్లకు ఫోర్స్ ఓసీఆర్ ఆప్షన్ తప్పదు. అది లేకుంటే "పేజీల టెక్స్ట్ ముందే ఉన్నది" అని ఆగిపోతది. ఫోర్స్ పెడితే పేజీ మొత్తం బొమ్మయి ఫైల్ బరువెక్కుతది గనుక, సైడ్‌కార్ ఆప్షన్‌తో టెక్స్ట్ వేరే ఫైల్ల తీసుకొని, సైట్ల పాత పీడీఎఫ్‌నే ఉంచుండ్రి. స్కాన్ 300 డీపీఐకి తగ్గొద్దు. రెండు కాలమ్‌ల పత్రికలకు సెగ్మెంటేషన్ మోడ్ (పేజీని ఎట్ల విడదీసి చదవాల్నో చెప్పే సెట్టింగ్) 6 పెడితే పక్కపక్క వరుసలు కలిసిపోతయి, డిఫాల్ట్ 3నే వదిలేయుండ్రి. ఇదంతా ఇంట్ల కంప్యూటర్ మీదనే చేసుకోవాలె, షేర్డ్ హోస్టింగ్ మీద కాదు.

అడిగినవారు:
టెక్స్ట్ వచ్చినంక? పేజ్‌ఫైండ్ అనే సర్చ్ టూల్ బాగుంటదంటున్నరు.

జవాబు:
చిన్న సైట్‌కైతే మస్తుగుంటది. కానీ అది పీడీఎఫ్ చదవదు, హెచ్‌టీఎంఎల్ పేజీలే చదువుతది. ఫలితం నొక్కితే ఫైల్ల సరైన పేజీ తెరుచుకోవాలంటే పీడీఎఫ్ పేజీకొక రికార్డు ఉండాలె. సంచికకు 40 పేజీలనుకున్నా 72,000 రికార్డులు. పేజ్‌ఫైండ్ రికార్డుకొక చిన్న ఫైల్ చేస్తది, హోస్టింగోళ్ల ఫైళ్ల లెక్క దాటిపోయే ప్రమాదముంటది. సోలర్‌కు జావా కావాలె, షేర్డ్‌ల నడవదు. మీకు ఎస్‌క్యూలైట్ (చిన్న డేటాబేస్) లోపలి సర్చ్ భాగం ఎఫ్‌టీఎస్5 సరి. అంతా ఒక్కటే ఫైల్, పీహెచ్‌పీతోని నడుస్తది. మీ హోస్ట్ ఎస్‌క్యూలైట్‌ల ఎఫ్‌టీఎస్5 ఉన్నదో లేదో మాత్రం ముందే అడుగుండ్రి.

సైడ్‌కార్ టెక్స్ట్‌ల పేజీకి పేజీకి నడుమ ఫామ్‌ఫీడ్ గుర్తుంటది, అక్కడ విడగొట్టుండ్రి. లింక్ చివర హ్యాష్, పేజ్, ఈక్వల్ గుర్తు, నంబర్ పెడితే బ్రౌజర్ నేరుగ ఆ పేజీకి పోతది.

ఇంకొకరు (కాజీపేట):
ఎఫ్‌టీఎస్5లో పెద్ద గుంట ఒకటుంది సార్. డిఫాల్ట్ యూనికోడ్61 టోకనైజర్ (టెక్స్ట్‌ను మాటలుగా విడగొట్టే భాగం) గుణింతాలను, సున్నను అక్షరాల కింద లెక్కించదు, అక్కడ మాటను విరగ్గొడుతుంది. "కాలం" అని వెతికితే "కులం", "కాలు" కూడా వచ్చి పడతాయి, మూడూ దానికి క, ల మాత్రమే. టేబుల్ చేసేటప్పుడే కేటగిరీస్ ఆప్షన్‌లో ఎల్, ఎన్, సీవోలతో పాటు ఎమ్‌ఎన్, ఎమ్‌సీ (గుణింతం, సున్న లాంటి గుర్తుల యూనికోడ్ వర్గాలు) చేర్చండి. తర్వాత గుర్తొస్తే ఇండెక్స్ మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాల్సిందే.

కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను (అక్షరాలు కలవకుండా ఆపే గుర్తు) ఇండెక్స్‌లోనూ, వెతికే మాటలోనూ తీసేయాలి. లేదంటే "వెబ్‌సైట్" రెండు ముక్కలవుతుంది. రెండు వైపులా ఎన్‌ఎఫ్‌సీ నార్మలైజేషన్ (ఒకే అక్షరానికి ఒకే కోడ్ ఉండేలా సరిచేయడం) కూడా చేయండి, ఐత్వం రెండు కోడ్‌లుగా వచ్చిన చోట ఒక్కటవుతుంది.

వెతికే మాటను డబుల్ కోట్స్‌లో పెట్టి, బయట స్టార్ గుర్తు తగిలిస్తే "రామప్పలో", "రామప్పకు" అన్నీ దొరుకుతాయి. కోట్స్ లేకుంటే ఎవరైనా హైఫన్ కొట్టిన వెంటనే ఎర్రర్. "ఓరుగల్లుకోట"లోని "కోట" కూడా దొరకాలంటే ట్రైగ్రామ్ టోకనైజర్ (మాటను మూడేసి గుర్తుల ముక్కలుగా చేసేది) వాడాలి. ఎస్‌క్యూలైట్ 3.34 నుంచి ఉంది, కాకపోతే ఇండెక్స్ బాగా పెరుగుతుంది.

ఊరి పేర్లకు పర్యాయాల పట్టిక మీరే రాసుకోవాలి. హన్మకొండ, హనుమకొండ, హనమకొండ ఒక వరుస. వరంగల్, ఓరుగల్లు, ఏకశిలానగరం ఒక వరుస. వెతికే మాట వరుసలో ఉంటే మిగతావాటిని "ఆర్"తో కలిపి పంపండి.

అడిగినవారు:
రేపు వీపీఎస్ (మన చేతిల ఉండే వర్చువల్ సర్వర్) తీసుకుంటే?

ఇంకొకరు:
అప్పుడు మెయిలీసెర్చ్ అనే సర్చ్ ఇంజిన్ చూడండి, అక్షరం తప్పు కొట్టినా పట్టుకుంటుంది, పర్యాయాల సెట్టింగూ ఉంది. ఓసీఆర్ "ప"ను "వ"గా చదివిన చోట ఆ గుణం పనికొస్తుంది. పేజీలవారీ టెక్స్ట్ చేతిలో ఉంటే ఇంజిన్ మార్చడం ఒక పూట పని, అందుకే సైడ్‌కార్ ఫైళ్లు పారేయకండి.