సార్వత్రిక ఎన్నికలు, సార్వత్రిక ఓటు హక్కు: రెండు చోట్లా ఒకే మాటా?

జపాన్ ఎన్నికల చరిత్ర మీద ఒక వ్యాసం రాస్తున్నాను. 1890 జులై 1న జరిగినవి "సార్వత్రిక ఎన్నికలు" అని రాశాను. ఓటుకు పన్ను షరతు తీసేసిన 1925 చట్టం దగ్గరకొచ్చి "సార్వత్రిక ఓటు హక్కు" అని రాసి ఆగిపోయాను. 1890లో ఓటున్నది నూటికి ఒక్కరికి. 15 యెన్‌లకు తక్కువ కాకుండా పన్ను కట్టే, 25 ఏళ్లు నిండిన మగవాళ్లకే. ఈ రెంటికీ ఒకే మాట ఎలా సరిపోతుంది?

జవాబు: ఆగడం మంచిదైందండీ. జపనీస్‌లో ఇవి వేర్వేరు మాటలు. దిగువ సభ సీట్లన్నిటికీ ఒకేసారి జరిగేది "సోసెన్‌క్యో". పన్నుతో పని లేకుండా ఓటు ఇవ్వడం "ఫుత్సూ సెన్‌క్యో", పొట్టిగా "ఫుసెన్". మన మాట చూడండి. సర్వత్ర అంటే అంతటా. అది చోటు గురించి చెప్పే మాట, కాబట్టి ఎన్నికలకు నప్పుతుంది. జనం గురించి చెప్పాలంటే సార్వజనీనం. కానీ 1925కి అదీ నప్పదు. ఓటర్లు 33 లక్షల నుంచి కోటీ 24 లక్షలకు పెరిగినా, ఒక్క ఆడమనిషి కూడా అందులో లేదు. "పురుషుల వయోజన ఓటు హక్కు" అని రాయండి. పొడుగైనా ఫరవాలేదు.

ఇంకో మాట. ఆడవాళ్ల ఓటు హక్కుకు కూడా జపనీస్‌లో పొట్టి పేరు "ఫుసెన్" అనే! పలకడం ఒకటే, రాసేటప్పుడు మొదటి అక్షరం వేరు. ఆడవాళ్ల ఓటు కోసం పోరాడిన ఇచికావా ఫుసాయె నడిపిన సంఘం పేరులో ఉన్నది ఈ రెండో ఫుసెన్. చెవికి తేడా తెలియని ఈ జంటను తెలుగులోకి తెచ్చే దారి నాకు దొరకలేదు. వ్యాసంలో రెండు వాక్యాల్లో విడమరిచి చెప్పండి, వదిలేయొద్దు, నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే.

మరో జవాబు: "అంతటా" అనడంలోనూ చిక్కుంది. 1890లో హొక్కైడో, ఒకినావాల్లో ఎన్నికలు పెట్టలేదు. ఒకినావాకు సీట్లు వచ్చింది 1912లో.

ధన్యవాదాలండీ. 1946 ఏప్రిల్ 10 ఎన్నికల్లో ఆడవాళ్లు మొదటిసారి ఓటేశారు, 39 మంది గెలిచారు. అక్కడ ధైర్యంగా "స్త్రీ పురుషులందరికీ, దేశమంతటా" అని రాసుకున్నాను. అప్పుడు ఒకినావా అమెరికా సైన్యం చేతిలో ఉంది, అక్కడివాళ్లకు ఆ ఓటు లేదు. "దేశమంతటా" కొట్టేస్తున్నాను.