మే ఎండలో 300 బీఆర్‌ఎం: మధ్యాహ్నం గండం ఎలా దాటాలి?

కొత్తపెడల్
బీఆర్‌ఎం (బ్రెవే) అంటే గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ రైడు. నాది 300 కి.మీ., హయత్‌నగర్ నుంచి 65వ జాతీయ రహదారి మీద సూర్యాపేట దాటి, 150వ కి.మీ. దగ్గర వెనక్కి తిరిగే రూటు. పొద్దున 5కి స్టార్ట్, గడువు 20 గంటలు. ఇంతవరకు తొక్కింది 200లే, అవీ డిసెంబరులో. అల్యూమినియం రోడ్ బైక్, 28 ఎం.ఎం. టైర్లు, లోపల ట్యూబులే. రెండు సీసాలకు చోటుంది. ఆ వారం 42, 43 ఉంటుందంటున్నారు. నీళ్లెన్ని, ఉప్పెంత, మధ్యాహ్నం ఆగాలా తొక్కాలా? "బాగా నీళ్లు తాగు" అని కాకుండా లెక్కలతో చెప్పండి ప్లీజ్.

తారురోడ్డు_65
ముందుగాల టైము లెక్క చూడు తమ్మీ, నీళ్ల ముచ్చట తర్వాత.

150 కాడి కంట్రోల్ (రైడు కార్డు మీద స్టాంపు ఏయించుకునే చోటు) మూసేది స్టార్టయిన 10 గంటలకు, అంటే పగటీలి 3. ఆగుడు కలుపుకొని సగటు గంటకు 22 కి.మీ. పడితే 11:50 కల్లా ఆడుంటవ్. కార్డు మీద స్టాంపు పడ్డంక ఆ కంట్రోల్ ఎప్పుడు మూసినా నీకు ఫరక్ లేదు. 3:30 దాకా నీడపట్టున పడుకో. రాత్రి 1కి గడువు, మిగిలింది 150 కి.మీ., చేతుల 9:30 గంటలు. సగటు 16 చాలు అనిపిస్తది.

తిరకాసు నడిమిట్ల ఉండే కంట్రోల్‌తోని. 220 కాడ ఒకటి పెట్టిన్రనుకో, అది మూసేది స్టార్టయిన 14 గంటల 40 నిమిషాలకు, అంటే సాయంత్రం 7:40. 3:30కి లేస్తే 70 కి.మీ.కి 4 గంటల 10 నిమిషాలు, సగటు 17. ఒక్క పంక్చరైతే 18. రూటు షీట్ రాంగనే ఈ లెక్క కాగితం మీద వేసి, ఎన్నింటికి లేవాల్నో అక్కడ్నే రాసిపెట్టుకో. 42లో మెదడు లెక్కలు చెయ్యదు.

ఇంకొకటి. పోయేటప్పుడు దిగుడు, వచ్చేటప్పుడు ఎక్కుడు. హైదరాబాద్ 500 మీటర్ల పైన ఉంటది, సూర్యాపేట అండ్ల సగం గూడ ఉండది. మేల పడమటి వడగాలి లేస్తే తిరుగు దారిల ఎదురుంగనే కొడతది. పొద్దున 26 సులువుగ కొట్టిన కాళ్లు సాయంత్రం 17కి మొరాయిస్తయ్. కాబట్టి పొద్దున దిగుట్ల గుంపు ఎంబడి 30తో ఉరకకు. 9 దాటినంక గుండె వేగం చూస్తుండు, అదే స్పీడుకు 10, 15 ఎక్కువ చూపిస్తే ఒళ్లు వేడెక్కుతున్నట్టు. గేరు తగ్గియ్యి.

ఉప్పుజాడీ
నీళ్లు ఎన్ని అన్నదానికి అందరికీ ఒకే అంకె ఉండదు. మీ చెమట మీరే కొలుచుకోవాలి. ఎండలో ఒక గంట తొక్కే ముందు బట్టల్లేకుండా తూకం చూసుకోండి. తిరిగొచ్చాక ఒళ్లు తుడుచుకుని మళ్లీ చూడండి. 68.4 కాస్తా 67.7 అయ్యి, మధ్యలో అర లీటరు తాగారనుకుంటే, చెమట గంటకు 1.2 లీటర్లు. మధ్యలో మూత్రానికి వెళ్లకుండా చూసుకోండి, లెక్క చెడుతుంది. 30 డిగ్రీల్లో కొలిచిన అంకె 42కి పనికిరాదు, మధ్యాహ్నం వేళే కొలవండి.

అలాగని 1.2 పోతే 1.2 పొయ్యాలని కాదు. తొక్కుతుండగా చాలామంది పొట్ట గంటకు 800 మి.లీ. నుంచి లీటరు మించి లాక్కోదు. మిగిలింది లోపల గుడగుడలాడుతుంది, ఆపైన వాంతి. కాబట్టి గంటకు 700, 800, పది పదిహేను నిమిషాలకోసారి రెండు మూడు గుక్కలు. లోటు మిగిలే ఉంటుంది, దాన్ని మధ్యాహ్నం ఆగినప్పుడు తీర్చుకోవాలి. ఒంటి బరువులో 2 శాతం వరకు తగ్గినా బండి నడుస్తుంది. అంతకు మించితే స్పీడు పడిపోతుంది, చిరాకు మొదలవుతుంది.

ఇక ఉప్పు. డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా ఓఆర్‌ఎస్ లీటరుకు: ఉప్పు 2.6 గ్రా., గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9. మొత్తం 20.5 గ్రాములు, సోడియం దాదాపు 1.7 గ్రాములు. ఎండలో చెమటకి ఇది సరిగ్గా సరిపోయే సరుకు, ధరా తక్కువే. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, పెద్ద పొట్లం లీటరుకి, మన సీసా 750. పొట్లం మొత్తం అందులో కొట్టేస్తే 245 ఉండాల్సిన ఆస్మొలారిటీ (కరిగిన పదార్థాల చిక్కదనం) 327 అవుతుంది, అంటే రక్తం కంటే చిక్కన. నీళ్లు పొట్టలోంచి ఒంట్లోకి వెళ్లడం ఆలస్యమై వికారం పెడుతుంది. తర్వాత "ఓఆర్‌ఎస్ నాకు పడదు" అంటారు. 200 మి.లీ.కి కలిపే చిన్న పొట్లాలు అడగండి. 750 సీసాకి మూడు. కొంచెం పల్చన, అదే మంచిది.

అట్టపెట్టెల్లో వచ్చే తియ్యటి డ్రింకుల్ని ఓఆర్‌ఎస్ అనుకోకండి. ఫార్ములా లేనివాటి మీద ఆ మాట వాడకూడదని 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) చెప్పింది. దాని వెనక హైదరాబాద్ పిల్లల డాక్టరమ్మ ఒకరు ఏళ్ల తరబడి చేసిన పోరాటం ఉంది. కొనేముందు వెనక అచ్చేసిన ఫార్ములా చదవండి.

ఒక సీసా ఓఆర్‌ఎస్, ఒకటి మామూలు నీళ్లు. మామూలు నీళ్లు తాగడానికీ, నెత్తి మీద పోసుకోవడానికీ. ఓఆర్‌ఎస్ పోసుకుంటే కళ్లు మండుతాయి, చెప్పాల్సిన పనిలేదు.

బెజవాడ_ఉక్క
పైన చెప్పినవన్నీ పొడి ఎండకి సరే. ఇదే రోడ్డు మీద నందిగామ దాటి కిందకి వచ్చేవాళ్ల కోసం ఒక మాట: ఇక్కడ 39 ఉన్నా అక్కడి 43 కంటే కష్టం. గాలిలో తేమ ఉంటే చెమట ఆరదు, కారిపోతుంది. కారిపోయిన చెమట ఒంటిని చల్లబరచదు, నీళ్లూ ఉప్పూ మాత్రం పోతాయి. తడి తువ్వాలు మెడకి చుట్టుకోవడం సూర్యాపేటలో బ్రహ్మాండంగా పనిచేస్తుంది, బెజవాడలో ఉడకబెట్టిన గుడ్డ అవుతుంది. ఇక్కడ స్పీడు తగ్గించడం, మెడకీ చంకలకీ ఐసు పెట్టుకోవడం తప్ప దారి లేదండీ.

సీసాకి తడి సాక్సు తొడిగే చిట్కా కూడా అంతే, పొడి గాలిలోనే. కుండలో నీళ్లు చల్లబడే సూత్రమే. సాక్సు ఆరగానే మళ్లీ తడపాలి.

కొబ్బరిబోండాం మీద అందరికీ నమ్మకం ఎక్కువ. అందులో పొటాషియం దండిగా ఉంటుంది, సోడియం తక్కువ. చెమటలో పోయేది ప్రధానంగా సోడియం. బోండాం తాగండి, రెండు చిటికెల ఉప్పు వేసుకుని.

కొత్తపెడల్
మజ్జిగ సీసాలో పోసుకుని వెళ్లొచ్చా? చెరకు రసం? ఇంట్లోవాళ్లు జేబులో ఉల్లిపాయ పెట్టుకోమంటున్నారు, అదీ చెప్పండి :)

ఉప్పుజాడీ
మజ్జిగ సీసాలో వద్దు. ఎండకి త్వరగా పులిసి గ్యాసు పడుతుంది, మూత నొక్కగానే మొహాన చిమ్ముతుంది. పాల జిడ్డు సీసా నాజిల్‌లో పట్టేసి వారం దాకా కంపు. ఆగిన చోట తాగండి: ఒక వంతు పెరుగుకి మూడు వంతుల నీళ్లు, లీటరుకి అర చెంచా ఉప్పు. అర చెంచా అంటే దాదాపు గ్రాము సోడియం. మధ్యాహ్నం ఆ నీడలో కూర్చుని గంటలో లీటరు మెల్లగా తాగితే లోటు చాలావరకు పూడుతుంది.

చెరకు రసం ఒక గ్లాసు, ఐసు లేకుండా. రోడ్డు పక్క ఐసుగడ్డ ఏ నీళ్లతో చేసిందో తెలీదు. దాన్ని సంచిలో కట్టి మెడ మీద పెట్టుకోండి, నోట్లోకి వద్దు. సోడాలు వంగి తొక్కేవాళ్లకి పొట్ట ఉబ్బరం. సోడా లేకుండా ఉప్పు వేసిన నిమ్మరసం అడగండి.

ఉల్లిపాయ జేబులో ఉంటే ఏమీ అవ్వదు. దద్దోజనంలో నంజుకోండి.

తిండి గురించి ఎవరూ రాయలేదు. ఓఆర్‌ఎస్ తిండి కాదు, లీటరుకి 54 కేలరీలే. చలికాలంలో గంటకి 60 గ్రాముల పిండిపదార్థం తినగలిగినవాళ్లు ఎండలో 40, 50 దగ్గర ఆగుతారు, ఎందుకంటే ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మానికి పోతుంది, పొట్టకి తగ్గుతుంది. గంటకి ఒక అరటిపండు, రెండు మూడు ఖర్జూరాలు చాలు. ధాబాలో బిర్యానీ, పూరీ జోలికి పోకండి. చాక్లెట్ పూత ఉన్న బార్లు 10 గంటలకే జేబులో పాకం.

ట్యూబుమార్పు
టైర్ల సంగతి. "ఎండకి గాలి వ్యాకోచించి టైరు పేలుతుంది, తక్కువ కొట్టు" అని ఎవరో ఒకరు చెప్తారు. లెక్క చూడండి: పొద్దున 25 డిగ్రీల దగ్గర 75 పీఎస్‌ఐ కొడితే, టైరు 60 డిగ్రీలకి వేడెక్కినా 85 అవుతుంది. మంచి టైరు దానికి పేలదు. మధ్యాహ్నం గాలి తీస్తే రాత్రికి 65కి పడిపోయి, గుంతలో రిమ్ముకి తగిలి ట్యూబుకి పాముకాటులా రెండు చిల్లులు.

ఎండలో నిజంగా చెడేవి వేరే. ఒకటి, చౌక ప్లాస్టిక్ రిమ్ టేపు (రిమ్ములో స్పోకు రంధ్రాలను కప్పే పట్టీ). వేడికి మెత్తబడి పక్కకి జరుగుతుంది, ట్యూబు స్పోకు రంధ్రంలోకి ఉబ్బి తెగుతుంది. చిల్లు ట్యూబు లోపలి వైపు, అంటే రిమ్ము వైపు ఉంటే దోషం ఇదే. ఎన్ని ట్యూబులు మార్చినా మళ్లీ పోతుంది. గుడ్డ టేపు ముందే వేయించండి. రెండు, సొల్యూషన్ లేని స్టిక్కర్ ప్యాచీలు. వేడికి జిగురు జారి అంచు లేస్తుంది. ప్రతి ప్యాచీకీ గరుకు కాగితం, సొల్యూషన్, అది ఆరేదాకా ఆగడం. మామూలుగా ఐదు నిమిషాలు పట్టేది మే ఎండలో రెండు నిమిషాల్లోనే వేలికి అంటకుండా ఆరుతుంది. తడిగా ఉండగా ప్యాచీ నొక్కితే నిలవదు. ఒకసారి తెరిచిన సొల్యూషన్ ట్యూబు నెలలో ఎండిపోతుంది, కొత్తది తీసుకెళ్లండి.

65 మీద పంక్చర్లకి పెద్ద కారణం లారీ టైరు తీగలు. పేలిన లారీ టైర్ల నుంచి రాలిన, వెంట్రుకంత ఉక్కు తీగ ముక్కలు రోడ్డు అంచున ఉంటాయి. టైరులో దిగితే బయటికి కనపడవు, లోపల వేలితో తడిమినా తగలవు. కొత్త ట్యూబు వేస్తారు, 5 కి.మీ.లో మళ్లీ పోతుంది. చేయాల్సింది ఇది: టైరు మీద కంపెనీ పేరు ఎప్పుడూ వాల్వు దగ్గరికి వచ్చేలా ఎక్కించండి. పంక్చరవగానే ట్యూబుకి గాలి కొట్టి చిల్లు వాల్వు నుంచి ఎన్ని జానలో కొలవండి, టైరు మీదా అంతే దూరం. రెండు వైపులా చూడండి, ట్యూబు తిరగేసి పట్టుకుని ఉండొచ్చు. ఆ చోట లోపలి వైపు దూదితో రుద్దండి. తీగ ఉంటే దూది పోగు చిక్కుకుంటుంది. చిన్న పట్టకారు (ట్వీజర్స్) లేకపోతే ఆ తీగ ఊడిరాదు, సంచిలో వేసుకోండి. పక్కన నీడ ఉంటే 200 మీటర్లు బండి నడిపించుకుని అక్కడికెళ్లి చేయండి. ఎండలో కూర్చుని 20 నిమిషాలు టైరు విప్పడం, గంట తొక్కినంత వేడి.

రెండు ట్యూబులు, ఆరు ప్యాచీలు, చేతి పంపు. టైరులో సీలెంట్ (చిల్లును తనంతట తనే పూడ్చే ద్రవం) వాడేవాళ్లు మూడు నెలల లెక్క మర్చిపోండి, ఎండాకాలం నెలకోసారి చూడాలి.

నీడపట్టు
మాత్రల గురించి ఒకటి గట్టిగా చెప్పాలి. మోకాలు నొప్పనో, తలనొప్పనో ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వేసుకోవద్దు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఇవి కిడ్నీకి వెళ్లే రక్తాన్ని ఇంకా తగ్గిస్తాయి. మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే రైడు అక్కడితో ఆపి ఆసుపత్రికి. కండరాలు చెడి కిడ్నీ మీద పడుతున్న గుర్తు కావచ్చు.

తల తిరగడం, వికారం, ఒళ్లు చల్లగా చెమట: నీడలో కాళ్లు ఎత్తి పడుకోబెట్టండి, ఉప్పు నీళ్లు పట్టండి, చాలావరకు గంటలో తేరుకుంటారు. మాట తడబడటం, ఎక్కడున్నాడో తెలియకపోవడం, తూలడం: ఇది వడదెబ్బే, ఒంటికి చెమట ఉన్నా సరే. "చెమట ఆగితేనే వడదెబ్బ" అన్నది తొక్కేవాళ్లకి వర్తించదు. 108కి ఫోన్ చేస్తూనే చల్లబరచడం మొదలెట్టాలి. జెర్సీ తీసేసి ఒళ్లంతా నీళ్లు పోసి అట్టముక్కతో విసరండి, ఐసు ఉంటే మెడ, చంకలు, గజ్జలు. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు. పారాసిటమాల్ దీనికి పనిచేయదు, ఇది జ్వరం కాదు.

దీనికి ఎదురు దోషం కూడా ఉంది. గంటకి లీటరున్నర ఉత్త నీళ్లు తాగేవాళ్లకి రక్తంలో సోడియం పడిపోతుంది. వేళ్లు ఉబ్బి ఉంగరం, వాచీ బిగుసుకుంటాయి, తలనొప్పి, వాంతి. చూసేవాళ్లు ఎండదెబ్బ అనుకుని ఇంకా నీళ్లు పోస్తారు. ఉబ్బిన వేళ్లు ఒక గుర్తు, గంటగంటకీ మూత్రం తెల్లగా వస్తుండటం ఇంకో గుర్తు.

పన్నెండు, పద్నాలుగు రోజుల ముందు నుంచి రోజూ గంటన్నర ఎండలో మెల్లగా తొక్కితే ఒళ్లు అలవాటు పడుతుంది: చెమట త్వరగా మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. ఏసీ గదిలో ట్రైనర్ (బండిని బిగించి ఉన్నచోటే తొక్కే స్టాండు) మీద చేసిన సాధన దీనికి లెక్కలోకి రాదు.

బెజవాడ_ఉక్క
చిన్నవి రెండు. ఫోను హ్యాండిల్ మీద ఎండలో పెట్టి చార్జింగ్ పెడితే వేడెక్కి ఆగిపోతుంది. రూటు గడియారంలోనో జీపీఎస్‌లోనో పెట్టుకుని, ఫోను ప్లాస్టిక్ కవర్లో వీపు జేబులో ఉంచండి. షార్ట్స్ రెండో జత మధ్యాహ్నం ఆగినచోట మార్చుకోండి. ఆరిన చెమట ఉప్పు గరుకు కాగితంలా రాస్తుంది, క్రీము ఎంత పూసినా. మార్చే ముందు మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే కొత్తగా పూయాలి.

కొత్తపెడల్
అందరికీ థాంక్స్. మధ్యాహ్నం నీడ ఎక్కడ? ఒకవేళ 220కి టైము అందదని తేలితే?

తారురోడ్డు_65
ధాబాల మంచాలు ఉంటయ్, ఏదన్న తిని వంద రూపాయలు ఎక్కువిస్తే మూడు గంటలు ఎవ్వరేమనరు. రేకుల షెడ్డు కింద పడుకోకు, అది పొయ్యి. తాటాకు పందిరో, చెట్టో చూడు. నీళ్లకు, టాయిలెట్‌కు పంతంగి, కొర్లపహాడ్ టోల్ గేట్లు గుర్తుపెట్టుకో. సొంత కారు ఎంబడి రావద్దు, సహాయం కంట్రోల్ కాడ్నే. లేకుంటే కార్డు పోతది.

అందదని తేలితే సూర్యాపేట బస్టాండుకు తిప్పు. హైదరాబాద్ బస్సులు రాత్రి గూడ ఉంటయ్. ముందు చక్రం విప్పి, చైను ఉన్న దిక్కు పైకి పెట్టి డిక్కీల పండబెట్టు. చైను దిక్కు కిందికుంటే వెనక డెరెయిలర్ హ్యాంగర్ (గేర్లు మార్చేదాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే ముక్క) వంగుతది, అల్యూమినియం ఫ్రేముకు ఆ ముక్క దొరకవట్టుడు ఇంకో బ్రెవే.