పోర్టికో టైల్స్ మీద ఎండిన సిమెంట్: యాసిడ్ కొట్టొచ్చా?

కొత్తిల్లు_కరీంనగర్: పోర్టికోలో గరుకు సిరామిక్ టైల్స్ వేయించినం. తర్వాత ప్రహరీ ప్లాస్టరింగ్‌లో పడ్డ సిమెంట్ ఎండిపోయి గడ్డలు కట్టింది, చుట్టూ తెల్ల పొర. మా టైల్స్ మేస్త్రీ బాత్రూమ్ యాసిడ్ కొట్టుకోమంటుండు. కొట్టొచ్చా?

టైల్‌మేస్త్రీ: కొట్టొచ్చన్నా. ముందు పుట్టీ బ్లేడు పడుకోబెట్టి గడ్డలు లేపుండ్రి, నిలబెట్టి గీకితే గీతలు పడ్తయ్. టైల్స్, జాయింట్లు మంచిగ తడిపి, 10 పాళ్ల నీళ్లల్ల 1 పాలు యాసిడ్ పోయాలె, యాసిడ్ మీద నీళ్లు పోయొద్దు. కొంచెం జాగా రుద్దుడు, వెంటనే కడుగుడు. గ్లౌజులు, కళ్లద్దాలు ఉండాలె.

విజయవాడ_వరలక్ష్మి: వద్దండీ. మా ఇంట్లో మేస్త్రీ యాసిడ్ పోసి వెళ్లిపోయాడు, టైల్స్‌కేం కాలేదు గానీ జాయింట్లు గుల్లయిపోయాయి, గేటు తుప్పు పట్టింది, మెట్టుకేసిన కడప రాయి మచ్చలు. సిమెంట్‌ని తినే యాసిడ్ జాయింట్‌ని వదుల్తుందా?

టైల్‌మేస్త్రీ: అక్కా, అది నీళ్లు కలపకుండ పోసినోని తప్పు. జాయింట్ ముందే నీళ్లు తాగి ఉంటే యాసిడ్ అంతగనం గుంజదు.

విజయవాడ_వరలక్ష్మి: ఎంత కలిపినా యాసిడ్ యాసిడే.

నల్లగొండ77: వెనిగర్ వాడి చూడండి.

టైల్‌మేస్త్రీ: పల్చటి పొర పోతది. గడ్డ పోదు.

కెమిస్ట్రీ_టీచర్: సల్ఫామిక్ యాసిడ్ పొడి నీళ్లలో కలిపి వాడండి, బాత్రూమ్ యాసిడ్‌లా ఘాటు పొగలు రావు, గేటుకి నయం. కానీ అదీ యాసిడే, కడప రాయి, షాబాద్ రాయి సున్నపురాళ్లు కాబట్టి వాటికి తగలకూడదు. ఏ యాసిడ్‌లోనూ బ్లీచింగ్ పౌడర్ కలపొద్దు, క్లోరిన్ గ్యాస్ వస్తుంది.

విజయవాడ_వరలక్ష్మి: అసలు మేస్త్రీలంతా ఇంతే, డబ్బులు చేతిలో పడగానే ఫోనెత్తరు.

టైల్‌మేస్త్రీ: ఎత్తినోళ్లకు ఏమిస్తుండ్రు అక్కా? గృహప్రవేశం ముహూర్తమని టైల్స్ ముందు ఏపిస్తరు, ప్లాస్టరింగ్ తర్వాత. పైన షీటు పరవమంటే ఖర్చంటరు. నేను తుడిచి అప్పజెప్పినంక పడ్డ సిమెంట్‌కు నా కూలి ఆపిండ్రు, ఇప్పటికీ రాలే.

విజయవాడ_వరలక్ష్మి: మాకు షీటు పరవమని చెప్పిన వాడే లేడు. ఇల్లు కట్టేది మొదటిసారి, మాకెలా తెలుస్తుంది?

కొత్తిల్లు_కరీంనగర్: మా దగ్గర టైల్స్ వాళ్లు వేరు, ప్లాస్టరింగ్ వాళ్లు వేరు. ఇద్దరికీ బాకీ ఉంది. ఎవర్ని పిలవాలె?

టైల్‌మేస్త్రీ: పడేసినోళ్లను. టైల్స్ ఆయన పైసలు ఇయ్యాలే ఇచ్చేయండ్రి.

విజయవాడ_వరలక్ష్మి: పని పూర్తయ్యేదాకా ఇద్దరివీ ఆపండి. యాసిడ్ కొట్టేప్పుడు పక్కనే నిలబడండి.